మెట్ట ఊళ్లలో కరెంటు, కాగితం, దిగులు

మెట్ట ప్రాంతంలో ఒక రైతు కుటుంబం కష్టంలో పడితే, ఆ కష్టం మూడు ఆఫీసుల్లో మూడు వేర్వేరు కాగితాలుగా నమోదవుతుంది. విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసులో అది కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ గురించిన ఫిర్యాదు. తహశీల్దారు కార్యాలయంలో అది పాసు పుస్తకంలో పేరు ఎక్కలేదన్న అర్జీ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని, ఒళ్లంతా నొప్పులని చెప్పుకున్న మనిషికి రాసిచ్చిన మాత్రల చీటీ. ఈ మూడూ ఒకే ఇంటివని, చాలాసార్లు ఒకే వారంలో జరిగినవని ఏ ఆఫీసుకూ తెలియదు. మానసిక ఆరోగ్యం, స్వచ్ఛ విద్యుత్తు, సామాజిక న్యాయం అనే మూడు మాటలను ఒక్కచోట చదివినప్పుడు కొందరికి అవి బలవంతంగా ముడివేసినట్లు అనిపించవచ్చు గానీ, బోరు కింద సేద్యం చేసే ఇంట్లో కొన్నాళ్లు మసలినవారికి ఆ ముడి కొత్తగా కనిపించదు.

నేను పుట్టి పెరిగింది కదిరి చుట్టుపక్కల పల్లెల్లో. భూమి హక్కుల మీద పనిచేసే మిత్రులతో కలిసి అనంతపురం పల్లెలకూ, అప్పుడప్పుడు తెలంగాణ వైపు వికారాబాద్ పల్లెలకూ వెళ్తూ వచ్చాను. ఆ ఇళ్లలో కూర్చుని విన్న మాటల నుంచి నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఈ మూడు బాధలనూ కలిపి చూడగలిగినవారు ఊళ్లోని మనుషులే. అయితే కరెంటు మీదా భూమి మీదా ఊరికి ఏ హక్కూ ఇవ్వకుండా, మనసులకు మాత్రం ఊరే వైద్యం చేసుకోవాలని చెప్పడం అన్యాయం.

ముందు కరెంటు సంగతి చెప్పాలి. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేరుశనగ ఊడ దిగే వేళకు ముఖం చాటేస్తుంది. అందుకని అందరూ బోరు మీద ఆధారపడ్డారు. బోరు ఎండితే ఇంకో బోరు, అదీ ఎండితే మరింత లోతుకు ఇంకొకటి. నీళ్లు పడినా పడకపోయినా బండివాడికి అడుగుకింతని కట్టాల్సిందే. ఆపైన కేసింగు, మోటారు, పైపులు, కేబులు. బ్యాంకు ఈ ఖర్చుకు అప్పు ఇవ్వడం అరుదు కాబట్టి నూటికి నెలకు రెండు రూపాయలకో మూడు రూపాయలకో ఊళ్లోనే తెస్తారు. బోరు విఫలమైన రోజున ఆ ఇంట్లో పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఇంటి యజమాని తన అంచనా తప్పిందని, తన మాట విని నగలు తాకట్టు పెట్టిన భార్య ముందు తలెత్తలేనని లోలోపల కుమిలిపోవడం ఆ రోజే మొదలవుతుంది.

విద్యుత్ ధర కోసం ఈ నేల మీద రక్తం చిందింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ వచ్చిన ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. బిల్లు పోయింది, అది పెద్ద ఊరట. కానీ భయం పోలేదు. ఏళ్ల తరబడి పల్లెలకు కరెంటు రాత్రి పూట వచ్చేది. వోల్టేజీ సరిపోక మోటార్లు కాలేవి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే దాని కింది రైతులే తలా ఇంత చందా వేసుకుని, ట్రాక్టరు మీద పట్నానికి తీసుకెళ్లి బాగు చేయించుకుని వచ్చేవారు, ఇప్పటికీ కొన్ని చోట్ల అంతే. తడి నేల మీద నిలబడి చీకట్లో స్టార్టరు పెట్టె తెరిచిన వారిలో షాకు కొట్టి పోయినవారు, పాము కరిచి పోయినవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. భర్త పొలానికి వెళ్లి తిరిగి వచ్చేదాకా మేలుకొని కూర్చున్న ఆడవాళ్ల నిద్రలేమిని మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వడం విధానంగా మారింది. పగలు కరెంటు వచ్చిన ఊళ్లలో ఆ రాత్రుల గురించి ఆడవాళ్లు గడిచిపోయిన సంగతిగా మాట్లాడటం నేను విన్నాను. కరెంటు వేళలు మార్చడం కూడా మానసిక ఆరోగ్య చర్యేనని నేను గట్టిగా నమ్ముతాను.

కరెంటు అందరికీ ఒకేలా అందలేదన్నది దీనిలో మరో ముఖ్యమైన సంగతి. ఉచిత విద్యుత్తు బోరు ఉన్నవాడికే ఉచితం. ఎవరు ఎక్కువ లోతుకు తవ్వగలిగితే వారికే నీళ్లు దక్కే పందెంలో చిన్న రైతు ముందే ఓడిపోతాడు. దళితులకు పంచిన గుట్టల వాలు భూముల్లో అసలు బోర్లే లేవు. ఆ లోటు పూడ్చడానికి 2011లో ఇందిర జలప్రభ అనే పథకం పెట్టి, ఎస్సీ, ఎస్టీల భూములను బ్లాకులుగా చేసి ఉమ్మడి బోర్లు వేయించారు. చాలా చోట్ల బోరు పడింది గానీ విద్యుత్ లైను రావడానికి ఎదురుచూపులే మిగిలాయి.

ఇక కాగితం. బాధ ఎంత ఉన్నా కాగితం లేని మనిషిని వ్యవస్థ చూడలేదు. రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి సాయం చేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2004 జూన్ 1న 421 నంబరు జీవో వచ్చింది. అప్పట్లో అది కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50 వేలు. 2015లో తెలంగాణ దాన్ని ఆరు లక్షలకు పెంచింది, ఆంధ్రప్రదేశ్ ముందు ఐదు లక్షలకు, 2019లో ఏడు లక్షలకు పెంచింది. మొత్తాలు పెరిగాయి, కానీ విచారణ పద్ధతి పెద్దగా మారలేదు. తహశీల్దారు, వ్యవసాయాధికారి, ఎస్సై కలిసి ఇంటికి వచ్చినప్పుడు ఇంకా దుఃఖం నుంచి తేరుకోని ఆ ఇల్లాలిని మొదట అడిగేది పొలం ఎవరి పేర ఉందని. మామగారి పేర ఉంటే ఒక చిక్కు. కౌలుకు చేసి ఉంటే ఇంకా పెద్ద చిక్కు, ఎందుకంటే కౌలు నోటిమాట మీద నడిచేది, ఆ మాట ఇచ్చిన భూస్వామి విచారణ రోజున ఊళ్లో కనిపించడు. ప్రైవేటు అప్పుకు నోటు లేకపోతే అది అప్పే కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. నా దృష్టిలో అది మంచి చట్టం, ఎందుకంటే యజమాని సంతకం కోసం కౌలుదారు ప్రాధేయపడాల్సిన అవసరం అందులో లేదు. 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. పత్రం ఇస్తే భూమి పోతుందన్న భయం పాతుకుపోయిన చోట ఆ సంతకం ఎంతమందికి దొరుకుతుందో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం, అదే ఏడాది మొదలైన ఐదు లక్షల రైతుబీమా, రెండూ పట్టాదారులకే అందాయి. దున్నింది ఒకరు, సాయం అందింది మరొకరికి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో వ్యవసాయ రంగంలో ఆత్మహత్య చేసుకున్నవారు 11,290 మంది. వారిలో 5,207 మంది రైతులు, 6,083 మంది కూలీలు. కూలీలు ఎక్కువగా ఉండటం గమనించండి. పొలంలో సగం పైన పని చేసే ఆడమనిషి చనిపోతే ఆ లెక్కలో చాలావరకు గృహిణిగానే చేరుతుంది, రైతుగా కాదు. బతికి ఉండగా రైతుగా గుర్తించని వ్యవస్థ పోయాక కూడా గుర్తించదు.

ఈ నేపథ్యంలోనే స్వచ్ఛ విద్యుత్తు మా ప్రాంతానికి వచ్చింది. ఎండ బాగా కాసే, వాన తక్కువ కురిసే, భూమి చవకగా దొరికే చోటును వెతుక్కుంటూ వచ్చింది కాబట్టి అది సరిగ్గా కరువు నేల మీదే దిగింది. నంబులపూలకుంట దగ్గర సోలార్ పార్కు, ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు, సరిహద్దు అవతల పావగడలో 2,050 మెగావాట్ల పార్కు. పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా మూడు వైపులా ఆంధ్రప్రదేశే, ఇళ్లలో ఎక్కువగా వినిపించేది తెలుగే. బొగ్గు పొగ తగ్గాలంటే ఈ పార్కులు కావాలి, ఆ విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు. వేసవి ముదురుతున్న కొద్దీ ముందుగా కాలిపోయేది మా జిల్లాయే. నా అభ్యంతరం విద్యుత్తు మీద కాదు, దాని వల్ల ఎవరికి ఏం మిగిలిందన్న దాని మీద.

నంబులపూలకుంట వైపు పట్టా భూమి ఉన్నవారికి పరిహారం వచ్చింది, ప్రభుత్వం పంచిన భూమికి ఎసైన్‌మెంటు పట్టా ఉన్నవారికి వేరే లెక్క, తాతల నాటి నుంచి ప్రభుత్వ భూమిని చదును చేసుకుని సాగు చేస్తున్నా ఏ పట్టా లేనివారికి న్యాయం జరగలేదన్న ఫిర్యాదు ఇప్పటికీ వినిపిస్తుంది. పావగడలో పద్ధతి వేరు. అక్కడ భూమి కొనలేదు, ఐదు గ్రామాల రైతుల నుంచి సుమారు 13,000 ఎకరాలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేళ్లకోసారి ఐదు శాతం పెరిగేలా, కౌలుకు తీసుకున్నారు. భూమి పేరు రైతుదే. అమ్మించుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలని ఒప్పుకోవాలి. వరుస కరువులతో విసిగిపోయిన ఎక్కువ భూమి గల రైతుకు ఆ కౌలు డబ్బు నిజమైన నెమ్మదిని ఇచ్చింది. బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుందన్న భరోసాతో నిద్రపోతున్నామని చెప్పినవారిని నేను కలిశాను. అదే ఊళ్లో సెంటు భూమి లేని దళిత వాడ సంగతి వేరు. కౌలు ఒప్పందంలో వారి ఊసే లేదు, కానీ నాటు, కలుపు, కోత పనులు పోయింది వారికే. దొరికిన కొలువులు కాపలా, గడ్డి కోయడం, పలకలు కడగడం, అవీ కొద్దిమందికే. మేకలు మేపుకునే బయళ్లకు కంచెలు పడ్డాయి.

కంచె పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నాతో అన్నాడు: "అద్దాలు మొలిచినాయి నాయనా, నా మేకల్ని యాడికి తోలుకుపోవాల? ఇంట్లో కూచుంటే పిచ్చి పట్టినట్టుంటాది." ఆయన మేకలు అమ్మేశాడు. ఆ తర్వాత ఆయనకు రాత్రుళ్లు నిద్ర లేదని, ఎవరితోనూ మాట్లాడటం లేదని, ఉన్నట్టుండి ఊరి చివరకు నడిచి వెళ్లిపోతున్నాడని కోడలు చెప్పింది. ఆయన ఏ ఆసుపత్రి లెక్కలోనూ లేడు. సౌర విద్యుత్తు ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వర్తించదు, కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా వీటికి లేదు. మేకలు ఎక్కడికి పోతాయని ఆయనను ముందుగా అడగాల్సిన అవసరం చట్టప్రకారం ఎవరికీ రాలేదు. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదేనని అనుకుంటున్నాను.

మానసిక వైద్యం సంగతికి వస్తే, మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. జిల్లా స్థాయిలో దాన్ని ఎలా నడపాలో ముందుగా చేసి చూసింది మన పొరుగున ఉన్న బళ్లారి జిల్లాలోనే. అయినా బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, రకరకాల మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, విశాఖ అన్న ఊరి పేర్లనే ఎగతాళి మాటలుగా వాడే సమాజంలో ఎవరు నోరు విప్పుతారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కుగా చేసింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న వ్యక్తిగా చూడాలని, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షనులో రాసింది. 2022 అక్టోబరు 10 నుంచి టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ ఉంది. 14416కు ఏ వేళకైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇది చదివేవారిలో ఎవరికైనా, లేదా వారి ఇంట్లో ఎవరికైనా అవసరమైతే ఆ నంబరు దగ్గర పెట్టుకోండి.

అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వారు చేసిన పని గురించి తెలుగులో ఎక్కువగా రాలేదు, రావాల్సింది. ముప్పై ఊళ్లలో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, ఇంటింటికీ వెళ్లి దిగులు, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనల గురించి మెల్లగా అడగడం నేర్పించారు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి దగ్గరకు పంపించారు, ఊళ్లో నాటకాలు వేసి సిగ్గు పోగొట్టే ప్రయత్నం చేశారు. సమస్య ఉన్నవారిలో అంతకు ముందు నూటికి ఒక్కరు కూడా వైద్య సేవ పొందని చోట, ఆ తర్వాత దాదాపు పదమూడు మంది పొందారు. పదమూడు తక్కువే. కానీ మానసిక వైద్యుడి ఊసే ఎరగని అడవి పల్లెల్లో అది చిన్న సంగతి కాదు. తర్వాత ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున అదే పద్ధతిని పరీక్షించినప్పుడు కూడా కుంగుబాటు తగ్గడంలో మేలు కనిపించింది. అయితే ఆశా కార్యకర్త మందు ఇప్పించగలదు గానీ అప్పు తీర్చలేదు, పాసు పుస్తకం తేలేదు. నా మనసుకు ఇక్కడే లోటు కనిపించింది.

ఆ లోటును పూడ్చే ప్రయత్నం వికారాబాద్‌లో జరిగింది. 2017లో జిల్లా యంత్రాంగం, పౌర సమాజ కార్యకర్తలు కలిసి కిసాన్ మిత్ర అనే సహాయ కేంద్రాన్ని మొదలుపెట్టారు. తర్వాత అది ఆదిలాబాద్ వైపు కూడా విస్తరించింది. కష్టంలో ఉన్న రైతు ఫోన్ చేస్తే మొదట వినడం. విన్న తర్వాత ఆ బాధలో ఏది మనసుకు సంబంధించినదో, ఏది ఏ శాఖకు సంబంధించినదో విడదీయడం. పట్టా చిక్కయితే రెవెన్యూకు, అప్పు చిక్కయితే బ్యాంకుకు, కరెంటు చిక్కయితే విద్యుత్ సంస్థకు రాసి, అది పరిష్కారమయ్యేదాకా వెంటపడటం. పరిష్కారం ఆలస్యమయ్యే చోట ఊళ్లో తిరిగే క్షేత్ర కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి మాట్లాడటం, రైతు మరీ కుంగిపోయి ఉంటే వైద్య సాయం అందేలా చూడటం. ఇందులో మందు ఉంది, మాట ఉంది, అర్జీ ఉంది, మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి.

ఆ పని తీరు తెలుసుకుంటున్నప్పుడు నన్ను పట్టి నిలిపింది రైతుల మాటల్లోని క్రమం. ఎవరూ నాకు కుంగుబాటు ఉందని ఫోన్ చేయరు. తెలంగాణ భూమి రికార్డుల పోర్టల్ ధరణిలో పేరు తప్పు పడిందని, మోటారు కాలిందని, విత్తనాలు మొలవలేదని మొదలుపెడతారు. అవతలి మనిషి తొందరపడకుండా వింటే, ఏ పదో నిమిషంలోనో అసలు మాట బయటికొస్తుంది: "రంది పట్టుకుంది అక్కా, నిద్ర వస్తలేదు, పిల్లల మొఖం చూడబుద్ధి అయితలేదు." కేవలం మానసిక సహాయం కోసమే పెట్టిన నంబరుకు ఆ రైతు ఫోన్ చేసి ఉండేవాడు కాదు. కేవలం ఫిర్యాదుల నంబరైతే ఆ పదో నిమిషం దాకా అతని మాట వినేవారు ఉండరు. 2020 అక్టోబరులో ధరణి వచ్చాక దానిలోని తప్పుల వల్ల ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో ఆశ పుట్టిందో చూసినవారికి, భూమి రికార్డుకూ మనిషి మనసుకూ ఉన్న సంబంధం వేరే చెప్పనక్కర్లేదు.

గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఆత్మీయత అనే కార్యక్రమం కూడా ఇదే దారిలో నడిచింది. ఊరివారే, శిక్షణ పొంది, తోటివారితో నాలుగైదు విడతలు కూర్చుని మాట్లాడతారు. దానితోపాటు రావాల్సిన పింఛను, రేషన్ కార్డు, ఇతర పథకాలు ఇప్పించడం కూడా వారి పనిలో భాగం. వికారాబాద్ వారు అనుభవంతో తెలుసుకున్న దాన్నే అక్కడ పద్ధతిగా రాసుకున్నారు.

ఇక విద్యుత్తులో ఊరి హక్కు ఎలా ఉండవచ్చో చెప్పడానికి రెండు ఉదాహరణలు నాకు నచ్చాయి. ఒకటి మన దగ్గరిదే. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల రైతులు, స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో, కొత్త బోరు వేయబోమని కట్టుబాటు చేసుకుని, ఉన్న బోర్లను పైపులతో కలిపి, బోరు లేనివారి పొలానికి కూడా కీలక సమయంలో ఒకటి రెండు తడులు ఇచ్చేలా ఒప్పందం రాసుకున్నారు. బోరు ఉన్నవారు ఎందుకు ఒప్పుకున్నారని అడిగితే వచ్చే జవాబు సూటిగా ఉంటుంది: పక్కవాడు కొత్త బోరు వేస్తాడన్న భయం పోయింది, తమ బోరు రేపు ఎండినా పైపులో వాటా ఉంటుంది. తక్కువ మోటార్లు, తక్కువ కరెంటు, తక్కువ అప్పు, పక్క పొలం రైతుతో మాటలు. ఇది పర్యావరణ పథకమా, న్యాయ పథకమా, మనశ్శాంతి పథకమా అని విడదీయడం నాకు చేతకాదు.

రెండోది గుజరాత్ ఖేడా జిల్లాలోని ఢుండి. 2016లో అక్కడ ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘం పెట్టుకుని, తమ పొలానికి వాడుకోగా మిగిలిన కరెంటును యూనిటుకు 4 రూపాయల 63 పైసల చొప్పున పంపిణీ సంస్థకు పాతికేళ్ల ఒప్పందం మీద అమ్మడం మొదలుపెట్టారు. కరెంటు అమ్మితే డబ్బు వస్తుంది కాబట్టి నీళ్లు వృథాగా తోడరు. పంట పోయిన ఏడాది కూడా పొలంలో ఏదో ఒకటి పండుతుంది, అది ఎండ. కరువు జిల్లా రైతుకు వానతో సంబంధం లేని ఆదాయం ఒకటి ఉండటం ఎంత ధైర్యమిస్తుందో ఊహించుకోండి. పావగడ కౌలు కూడా వానతో సంబంధం లేనిదే, కాకపోతే అక్కడ రైతు కౌలు డబ్బు అందుకునేవాడు, ఇక్కడ రైతు విద్యుత్తు యజమాని.

2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పీఎం కుసుమ్ అనే సౌర విద్యుత్ పథకంలో ఈ అవకాశం కల్పించారు. దాని మొదటి భాగం కింద 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల దాకా సౌర కేంద్రాన్ని రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా సబ్‌స్టేషనుకు దగ్గరలో పెట్టుకోవచ్చు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు చాలు. తెలంగాణలో ఇందిరా మహిళా శక్తి కింద మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సౌర కేంద్రాలు పెట్టించే ప్రణాళికను ప్రభుత్వం ప్రకటించింది. 1999లో దీపం పథకం కింద గ్యాస్ సిలిండరు మహిళా సంఘాల ద్వారా వంటింట్లోకి వచ్చి, పొగ నుంచి కళ్లను, ఊపిరితిత్తులను కాపాడిన సంగతి మా తరం ఆడవాళ్లకు బాగా గుర్తుంది. ఆ సంఘాలే ఇప్పుడు విద్యుత్తు తయారు చేసి అమ్మడం నాకు ఎంతో సంతోషం కలిగించే మాట.

సంతోషంతోపాటు నాకున్న భయాలను కూడా రాయాలి. మెగావాటు కేంద్రానికి కోట్ల రూపాయలు కావాలి. ఆ డబ్బులో పెద్ద భాగం బ్యాంకు అప్పుగా, సంఘం పేరు మీద వస్తుంది. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ల ఒత్తిడితో మన ఊళ్లలో ఏం జరిగిందో, ఎన్ని ఇళ్లు కూలాయో, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సిన స్థితి ఎందుకు వచ్చిందో ఎవరూ మరిచిపోలేదు. గ్రూపులో ఒకరు కట్టలేకపోతే మిగతావారు ఆమె గడప ముందు కూర్చునే పద్ధతి ఆ రోజుల్లో స్నేహాలనే చంపేసింది. విద్యుత్ పంపిణీ సంస్థలు కొన్న కరెంటుకు సమయానికి డబ్బు చెల్లించడం మన దగ్గర ఆనవాయితీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత సౌర, పవన విద్యుత్ కంపెనీలకు బకాయిలు పేరుకుపోయి, ఒప్పందంలోని ధరకే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పేదాకా వచ్చింది. పెద్ద కంపెనీలకు లాయర్లు ఉన్నారు, ఆ మూడేళ్లు తట్టుకున్నాయి. అదే ఆలస్యం పదిమంది ఆడవాళ్ల సంఘానికి జరిగితే బ్యాంకు కిస్తీ నెల ఆగదు. స్వచ్ఛ విద్యుత్తు పేరు మీద కొత్త దిగులును వారి ఇళ్లలో దింపినవాళ్లమవుతాం.

ఊరు అనగానే అందరి ఊరు అనుకోవడం కూడా పొరపాటే. గ్రామసభలో ముందు వరుసలో కూర్చునేది ఎవరో, గుడి అరుగు దాకా రానిది ఎవరో మనకు తెలుసు. ఊరి యాజమాన్యం అన్న పేరుతో బోర్లు, భూములు, పలుకుబడి ఉన్న నలుగురి యాజమాన్యం తయారైతే పావగడ దళిత వాడకు జరిగినదే చిన్న ఎత్తున ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది. తోటివారి బాధ వినే పని కూడా అంతే. ఆ పనిని ఆశా కార్యకర్త మీదో సంఘం లీడరు మీదో వేసి, ఇచ్చే గౌరవ వేతనాన్ని మాత్రం అలాగే ఉంచితే, వారి మనసు ఎవరు చూడాలి? మరణాలున్న ఇళ్లకు వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రి తిండి తినలేకపోవడం నేను దగ్గరగా చూశాను. వారికి జీతం కావాలి, మాట్లాడుకోవడానికి నెలకోసారి ఒక మానసిక వైద్యుడితోనో సైకాలజిస్టుతోనో సమావేశం కావాలి, సెలవు కావాలి.

అందుకని సౌర కేంద్రం పెట్టబోతున్న ప్రతి మహిళా సంఘం, ప్రతి రైతు సంఘం ఒప్పందం మీద సంతకం చేసే ముందు కొన్ని షరతుల కోసం పట్టుబట్టాలని మా మిత్రులం ఇప్పుడు ఊరూరా చెబుతున్నాం. విద్యుత్ సంస్థ బిల్లు ఆలస్యం చేసిన నెలల్లో బ్యాంకు కిస్తీ వసూలు ఆగాలి, ఆ వడ్డీని ప్రభుత్వం భరించాలి. స్థలం ఇచ్చినవారికి కౌలు ఎలా వస్తుందో, ఆ స్థలంలో పని పోయిన కూలీ కుటుంబాలకూ సౌర కేంద్రం ఆదాయంలో అలాగే వాటా రాయాలి. పలకల కింద, చుట్టూ గడ్డి మేపుకునే హక్కు మేకల వారికి ఉండాలి, సౌర కేంద్రాల్లో గొర్రెలు మేపడం ఇతర దేశాల్లో మామూలుగా జరుగుతున్నదే కాబట్టి అసాధ్యమన్న మాట చెల్లదు. ఆదాయంలో ఒక భాగంతో ఊళ్లో కిసాన్ మిత్ర లాంటి కార్యకర్తకు పూర్తి జీతం ఇవ్వాలి, ఆమెకు తహశీల్దారు ఆఫీసులోనూ సెక్షన్ ఆఫీసులోనూ ఆరోగ్య కేంద్రంలోనూ అర్జీ నమోదు చేయించే అధికారం కలెక్టరు ఉత్తర్వు ద్వారా రావాలి. ఈ షరతుల ముసాయిదాను వచ్చే గ్రామసభల్లో చదివి వినిపించడానికి సిద్ధం చేస్తున్నాం. కౌలు రైతులనూ భూమి లేని వాడల వారినీ సభకు ముందుగానే వేరుగా కలిసి, వారి మాట అందులో చేర్చిన తర్వాతే దాన్ని సభ ముందు పెడతాం.